పిన్ను పెడితే మనిషి వస్తాడా? నెల్లూరు ఆదివారం నడకల డైరీ

ఏప్రిల్ 27, ఆదివారం

ఇదంతా మా అంగడి పిన్ను దగ్గర మొదలైంది. స్టోన్‌హౌస్‌పేటలో నాకు జిరాక్స్, పాస్‌పోర్టు ఫోటోల అంగడి ఉంది. కొన్నేళ్ళ కింద దాన్ని మ్యాపులో పెట్టింది నేనే, ఇంట్లో మంచం మీద పడుకొని. వేలు జారి పిన్ను పక్క వీధిలో పడింది. నేను చూసుకోలేదు. అప్పట్నుంచీ ఫోటోలకి వచ్చేవాళ్ళు పక్క వీధి టైలరు దగ్గర ఆగడం, ఆయన మిషను ఆపి దారి చెప్పడం. మొన్న టీ దగ్గర కనపడి, "అబ్బయా, నీ అంగడికి గుమస్తా పని చేస్తుండా. జీతం ఎప్పుడిస్తావు?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఈరోజు షట్టరు ముందర నిలబడి పిన్ను సరిచేశా. సరిచేస్తే అయిపోదు. ఆ అంగడి నాదేనని గూగుల్‌కి రుజువు చూపాలి. వీడియో అడిగింది. వీధి కనపడాలి, బోర్డు కనపడాలి, తాళం నేనే తీస్తూ కనపడాలి, అదీ మధ్యలో ఆపకుండా ఒకే బిగిన తియ్యాలి. మా బావమరిది ఫోను పట్టుకున్నాడు. రెండుసార్లు ఆవు అడ్డమొచ్చింది. మూడోసారి తీసింది పంపాం.

ఆ పనిలోనే చుట్టుపక్కల మ్యాపు కూడా చూశాం. ఒకే గుడికి రెండు పిన్నులు. మూతపడిన హోటలు మ్యాపులో ఇంకా ఇడ్లీలు పెడుతోంది. సందుల పేర్లు మనం నోటితో పిలిచేవి ఒకటి, అక్కడ రాసినవి ఒకటి. బావమరిదికి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేసే అలవాటుంది, ఉద్యోగం వెతుక్కునే ఖాళీలో. "బావా, మన ఊరి మీద ఒక పేజీ పెడదాం. వారానికొక చోటు. చూసినోళ్ళని ఆడికి రప్పిద్దాం" అన్నాడు.

రప్పిద్దాం అన్న మాట నాకు పట్టుకుంది. ఫోనులో చూసేవాళ్ళకేం, బోలెడు మంది. చెప్పులేసుకొని వచ్చేవాళ్ళు ఎంతమందో చూద్దాం. మూడు నెలలు గడువు పెట్టుకున్నాం.

మే 4, ఆదివారం

మొదటి రీల్‌కి రోమను నాణేల కథ ఎంచుకున్నాం. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. చూస్తే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని అడుగున ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణిగారివి. ఇక్కడి పొలంలోకి రోము బంగారం! బావమరిది మంచి గొంతుతో చెప్పాడు, వెనక మృదంగం వేశాడు.

రీల్ మా లెక్కకి ఉప్పెనలాగా పోయింది. కామెంట్లలో "ఎక్కడ బ్రో", "లొకేషన్ పెట్టండి అన్నా", "ఇంకా ఏమైనా మిగిలుంటాయా" (ఇది అడిగినవాళ్ళే ఎక్కువ). ఆదివారం పొద్దున ఆరింటికి గాంధీబొమ్మ దగ్గరికి రండి, నడుస్తూ మాట్లాడుకుందాం అని కింద రాశాం.

వచ్చింది ఇద్దరు. నేనూ, బావమరిదీ.

టీ తాగుతూ ఆలోచిస్తే తప్పు తెలిసింది. ఆ పొలం ఏదో ఎవరూ చూపించలేరు. పిన్ను గుచ్చడానికి చోటే లేని కథ అది. కథ బాగుంటే లైకు కొడతారు, లేచి రావడానికి మాత్రం అందులో ఏమీ లేదు. పైగా లొకేషన్ ట్యాగు "నెల్లూరు" అని పెట్టాం. ఊరంతటి ట్యాగు అంటే సముద్రంలో ఉప్పుగల్లు. ములాపేట అనో, రంగనాయకులపేట అనో చిన్న చోటి ట్యాగు నొక్కి చూసేవాడు ఆ పేటవాడై ఉంటాడు, లేకపోతే అక్కడికి పోవాలనుకునేవాడై ఉంటాడు. ఇక మీదట చిన్న ట్యాగులే.

మే 11, ఆదివారం

నడక లేదు. ఎండ, పైగా పోయినవారం పరువు పోయిన బాధ. ఇంట్లో కూర్చొని ఈ లొకేషన్ ఆటల పాత కథ బావమరిదికి చెప్పా.

నేను మద్రాసులో పనిచేసే రోజుల్లో ఫోర్‌స్క్వేర్ అని ఒక ఆప్ ఉండేది. 2009లో మొదలైంది. ఎక్కడికి పోయినా "వచ్చాను" అని చెక్‌ఇన్ కొట్టాలి. గడిచిన అరవై రోజుల్లో అందరికంటే ఎక్కువ రోజులు వచ్చినవాడు ఆ చోటికి మేయరు. మా ఆఫీసు కింద టీకొట్టుకి నేను మేయరుని. ఆ కొట్టాయనకి సంగతే తెలియదు, నాకు అరువు కూడా ఇచ్చేవాడు కాదు. అయినా వేరే ఎవడో నా పదవి లాక్కుంటాడేమోనని సెలవు రోజు కూడా బస్సెక్కి పోయి టీ తాగొచ్చా. 2014లో చెక్‌ఇన్ల పనంతా స్వార్మ్ అనే వేరే ఆప్‌లోకి మార్చారు. చోట్లు వెతికి చూపించే సిటీ గైడ్ ఆప్‌ని 2024 డిసెంబరు 15న మూసేశారు.

బావమరిదికి తెలిసింది పోకెమాన్ గో. అది 2016లో వచ్చినప్పుడు వాడు ఇంటరు. ఫోను పట్టుకొని బొమ్మల్ని వెతుక్కుంటూ వీధులు తిరిగాడట, వాళ్ళ నాయనతో తన్నులు తిన్నాడట. ఇద్దరం తేల్చుకున్నది ఒకటే. మనిషిని కదిలించింది మ్యాపు కాదు. అక్కడికి పోతే తప్ప తన చేతికి రానిది ఏదో ఉండటం.

అయితే మనమేం పెట్టాలి? జియోక్యాషింగ్ అని ఇంకో ఆట ఉంది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం మామూలు జీపీఎస్ మీద పెట్టిన మసక తీసేసింది. ఆ మర్నాడే ఆరెగన్‌లో ఒకాయన అడవిలో ఒక బక్కెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెట్టాడు. వెతుక్కున్నవాళ్ళు అందులో పేరు రాసి రావడం. బావమరిది ఎగిరి గంతేశాడు. "పెన్న ఒడ్డున డబ్బా దాచేద్దాం బావా!" నెల్లూరులో గుర్తు తెలియని డబ్బా ఒకటి బ్రిడ్జి కింద కనపడితే ముందు వచ్చేది ఆటగాళ్ళు కాదు, పోలీసులు. ఆ ఆలోచన అక్కడే పూడ్చిపెట్టాం.

మే 18, ఆదివారం

ఈ వారం గొప్ప ఓటమి.

బావమరిది ఫ్రెండు, బీటెక్ పిల్లాడు, చిన్న ఆప్ రాసిచ్చాడు. మ్యాపు మీద ఒక చోటు చుట్టూ కంటికి కనపడని కంచె గీస్తాం. ఫోను ఆ కంచె లోపలికి అడుగుపెడితే గంట మోగి, ఆ చోటి కథ వినపడుతుంది. ములాపేటలో మూలస్థానేశ్వరస్వామి గుడి చుట్టూ కంచె గీశాం. నెల్లిచెట్టు కింద, అంటే ఉసిరిచెట్టు కింద, శివలింగం దొరికిందనీ, నెల్లి ఉన్న ఊరు నెల్లూరు అయిందనీ స్థలపురాణం. దాన్ని మా అత్త గొంతుతో రికార్డు చేయించాం. ఆమె మూడుసార్లు దగ్గింది, ఉంచేశాం.

ముప్పై మీటర్ల వ్యాసార్థం పెట్టాం. నేను గుడి ముందర పది నిమిషాలు నిలబడ్డా. గంట లేదు. ఇంటికి తిరిగొస్తుంటే సందు మలుపులో, ఒకావిడ ముగ్గేసుకుంటున్న చోట, నా జేబులోంచి అత్త దగ్గు గట్టిగా వినపడింది.

పిల్లాడు పోయి చదువుకొచ్చాడు. ఆండ్రాయిడ్ వాళ్ళ సలహానే కంచె కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలని. తెరమీద లేని ఆప్‌కి కబురు అందేసరికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, బ్యాటరీ పొదుపు పెట్టుకుంటే ఇంకా ఆలస్యం. హైవే మీద పెట్రోలు బంకుకి 150 మీటర్లంటే ఏమీ కాదు. ములాపేటలో 150 మీటర్లంటే మూడు సందులు, రెండు గుళ్ళు, ఒక పెళ్ళివారి ఇల్లు. ఆప్ పక్కన పెట్టేశాం. పిల్లాడికి మలై కాజాలు పావుకిలో ఇచ్చి దణ్ణం పెట్టాం.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్ళు పగిలే ఎండ, కాబట్టి పని ఏదైనా ఏడింటిలోపే.

ఈసారి కథ చెప్పలేదు, ప్రశ్న అడిగాం. స్టోరీలో చిన్నబజారు పిన్ను, దాని కింద ఇంతే: "పొద్దున ఆరుంబావుకి ఇక్కడ నిలబడండి. మొదట తగిలిన వాసన ఏది? ఫోటో వద్దు. ఒక్క మాట చాలు."

బావమరిదికి నచ్చలేదు. ఫోటో లేకపోతే పోస్టు ఎట్లా పోతుంది అంటాడు. వాసనకి రుజువేముంది, ఇంట్లో కూర్చొని ఏదో ఒకటి రాసెయ్యొచ్చు కదా అని కూడా అన్నాడు. అదే చిత్రంగా తేలింది. ఇంట్లో కూర్చొని రాసినవాళ్ళు మల్లెపూలు, కాఫీ, వానమట్టి అన్నారు. పోయి నిలబడినవాళ్ళు తడిసిన గోనెసంచి, ఎండుమిరప ఘాటు, రాత్రి మిగిలిన చేపల నీళ్ళు, కాలవ అన్నారు. చదువుతుంటే ఎవరు కదిలారో ఎవరు కదల్లేదో ఇట్టే తెలిసిపోతోంది. కువైట్ నుంచి ఒకాయన "బెల్లం. మా నాయన అంగడి అక్కడే ఉండేది" అని రాశాడు. ఆయన్ని పోయి నిలబడినవాళ్ళ లెక్కలోనే వేసుకున్నాం.

లైకులు రోమను రీల్‌లో పదోవంతు కూడా రాలేదు. నడకకి మాత్రం పదకొండు మంది వచ్చారు.

జూన్ 1, ఆదివారం

ప్రశ్న: రంగనాయకుల గుడి దగ్గర పెన్న రేవులో మెట్లెన్ని?

తేలిక ప్రశ్న అనుకున్నాం. కొట్లాట అయింది. ఒకరి లెక్క ఇంకొకరికి రాదు. విరిగిన మెట్టుని లెక్కపెట్టాలా? ఇసకలో కూరుకుపోయింది మెట్టేనా, గట్టేనా? ఆఖరి మెట్టు నేలతో సమంగా ఉంటే అది మెట్టు ఎట్లా అవుతుంది? వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండు దాకా ఇదే. ఒకమ్మాయి రెండోసారి పోయి ప్రతి మెట్టు మీద సుద్దముక్కతో అంకె వేసి ఫోటో పెట్టింది.

నడకలో ఒక పెద్దాయన కలిశాడు. రిటైరైన లెక్కల మేష్టారు. మనవడి ఫోనులో ప్రశ్న చూసి వచ్చాడు. "విరిగిన మెట్టుని అర మెట్టుగా తీసుకోవాలి. ముందు మెట్టు అంటే ఏమిటో నిర్వచించకుండా ప్రశ్న వెయ్యడమే తప్పు" అని మమ్మల్ని ఎండలో నిలబెట్టి మందలించాడు. అందరూ చేతులు కట్టుకొని విన్నారు. రేవులో కూర్చొని తిక్కన గురించి కాసేపు మాట్లాడుకున్నాం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉంటూ విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఆయన ఈ ఏటి ఒడ్డున తిరిగే ఉంటాడు గదా, ఆయన ఎన్ని మెట్లు దిగాడో అని ఎవరో అంటే, మేష్టారు నవ్వలేదు.

జూన్ 8, ఆదివారం

రెండు సంగతులు.

ఒక స్వీటు అంగడాయన కబురు పెట్టాడు. మా గుంపుని తన అంగడికి తీసుకొస్తే, ఐదు చుక్కల రివ్యూ రాసిన ప్రతి ఒక్కరికీ కాజా ఫ్రీ అట. కాజా మీద నాకు ద్వేషం లేదు. కానీ ఏదైనా ఇచ్చి రాయించుకున్న రివ్యూలని గూగుల్ నియమాలు ఒప్పుకోవు, పట్టుబడితే తీసేస్తారు. అది చెప్తే ఆయన, "అందరూ చేస్తుండారు గదా సామీ" అన్నాడు. వద్దన్నాం. నా అంగడికి కూడా ఇంతవరకు ఉన్నవి తొమ్మిదే రివ్యూలు, అందులో ఒకటి మా ఆవిడది. దాన్ని కూడా తీసెయ్యమని చెప్పా, రెండురోజులు మాటల్లేవు.

రెండోది, మేష్టారు అంగడికి వచ్చాడు. మనవడు సెలవులకి ఊరెళ్ళాడు, ప్రశ్న తెలియడం లేదు, కాయితం మీద రాసివ్వమన్నాడు. జిరాక్స్ అంగడికి కాయితం కరువా? ఏ4 మీద ప్రింటు తీసి ఇచ్చి, ఇంకోటి షట్టరు పక్కన అంటించా.

జూన్ 15, ఆదివారం

ఊరు దాటాం. ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించింది. బళ్ళ మీద పోదామని పిలిస్తే పద్నాలుగు మంది తేలారు.

నలుగురు తప్పిపోయారు. వాళ్ళ ఫోనులో ఒక మ్యాపు చూపించిన అడ్డదారి పోయి పోయి వరిమడి గట్టు మీద ఆగిపోయింది. ముందర మడి, వెనక గేదెలు. అప్పుడు పనికొచ్చింది వాట్సాప్ లైవ్ లొకేషన్. పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. నేను గంట పెట్టి కదలకుండా ఒకచోట నిలబడ్డా, వాళ్ళు నా చుక్కని చూసుకుంటూ వచ్చేశారు. ఈ ప్రాజెక్టు మొత్తంలో లొకేషన్ అనేది నిజంగా ఒకరికి మేలు చేసింది ఆ పావుగంటే అనిపించింది.

ఏటి ఒడ్డున డోరు నంబర్లుండవు, అందుకని ప్లస్ కోడ్లు (డోరు నంబరు బదులు గూగుల్ మ్యాపు చూపించే అంకెలు, అక్షరాల చిరునామా) వాడి చూశాం. పది అక్షరాల కోడు సుమారు 14 మీటర్ల చదరాన్ని చూపిస్తుంది. "ఫలానా తాటిచెట్టు పక్కన" అని చెప్పడం కంటే గట్టిదే. కానీ ఫోనులో ఎవరికైనా చదివి వినిపించి చూడండి, మూడో అక్షరం దగ్గర ఇద్దరికీ కోపం వస్తుంది. తాటిచెట్టే నయం.

ఫోటోల దగ్గర ఒక చిట్కా. ఎవరు ఎక్కడ తీశారో తెలియాలంటే వాట్సాప్‌లో మామూలుగా పంపితే పనికిరాదు, ఫోటో వెంట ఉండే లొకేషన్ వివరం దారిలో రాలిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే అట్లాగే వస్తుంది. తిరిగొచ్చి ఆ వివరాలతో, జనమే కలిసి గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారి సరిచేసి, పేరు తెలుగులో కూడా చేర్చా. అక్కడ తెలుగు పేరుకి వేరే గడి ఉంటుంది. ఎవరైనా నింపొచ్చు, పెద్దగా ఎవరూ నింపడం లేదు.

జూన్ 22, ఆదివారం

పైన రాసిన చిట్కాకి రెండో వైపు ఈ వారం కనపడింది. మెట్లకి అంకెలేసిన అమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది: "అన్నా, నేను మెట్ల ఫోటో పంపింది కూడా డాక్యుమెంటుగానే. మా ఇంటి మేడ మీంచి తీసిన ఫోటో కూడా అట్లాగే గ్రూపులో పడింది. గ్రూపులో వందమంది ఉండారు. మా ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసినట్టే గదా?" ఇంకో మాట కూడా అంది. నడక జరుగుతుండగానే మేము "ఇప్పుడు ఇక్కడున్నాం" అని స్టోరీలు పెడుతున్నాం. ఆదివారం పొద్దున ఆరింటికి ఒక ఆడపిల్ల ఎక్కడ ఉంటుందో ఊరంతటికీ చాటుతున్నట్టే.

నాకు నోట మాట రాలేదు. ఆ ఫోటో గ్రూపులోంచి తీసేశాం. అప్పటికే దించుకున్నవాళ్ళ ఫోన్లలో ఉన్నదాన్ని తియ్యలేం. ఈ రోజు నుంచి పద్ధతి మార్చాం. చోటు ముందే చెప్తాం, కానీ నడక ఫోటోలు అందరూ ఇళ్ళకి చేరాకే పెడతాం. మొహాలు కనపడితే అడిగి పెడతాం. డాక్యుమెంటు ఫోటోలు గ్రూపులోకి కాదు, నా ఒక్కడికే. బావమరిది, "లైవ్ లేకపోతే ఊపు ఏముంటది బావా" అన్నాడు. ఊపు తగ్గినా సరే అన్నా. తగ్గింది కూడా.

జులై 10, గురువారం

ఆదివారం నుంచి రొట్టెల పండుగ. డైరీ రాయడానికి తీరిక దొరికింది ఈ రాత్రే.

బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్ళు రొట్టె పట్టుకొని నీళ్ళలో నిలబడతారు, కోరిక ఉన్నవాళ్ళు వాళ్ళ దగ్గర తీసుకుంటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె. అరుపులతోనే వెతుక్కోవడం. పరాయి రాష్ట్రాల నుంచి కూడా జనం.

మా తెలివితేటలన్నీ ఇక్కడ నీళ్ళపాలయ్యాయి. అంత గుంపులో నెట్‌వర్కు కదల్లేదు. పెట్టిన స్టోరీ మధ్యాహ్నానికి గానీ ఎక్కలేదు. రెండోరోజు నుంచి మా ప్రశ్న మానేసి, ఏది అడిగితే దానికి జవాబు రాయడం మొదలుపెట్టాం. పొద్దున జనం పలచగా ఉన్నప్పుడే: బళ్ళు ఎక్కడ ఆపుతున్నారు, ఏ రొట్టె బోర్డు ఎటువైపు ఉంది, తాగేనీళ్ళు ఎక్కడ, తప్పిపోయిన పిల్లల కోసం మైకు ఎక్కడ. బొమ్మల్లేవు, వట్టి అక్షరాలు. నెట్‌వర్కు సన్నగా ఉన్నా అక్షరాలు దూరిపోతాయి. పేజీ పెట్టినప్పట్నుంచీ జనం ఒకరికొకరు ఎక్కువగా పంపుకున్న పోస్టులు ఇవే.

బావమరిది ఉద్యోగ రొట్టె తీసుకున్నాడు. ఇచ్చినాయన బెంగళూరు నుంచి వచ్చాడట. "వచ్చే యేడు నువ్వు తెచ్చియ్యి, మర్చిపోవద్దు" అన్నాడట. వీడు ఆయన ఫోన్ నంబరు గానీ, ఇన్‌స్టా ఐడీ గానీ అడగలేదు. అడగాలని తోచలేదు అన్నాడు.

జులై 20, ఆదివారం

చిన్న చిన్నవి. పులికాట్, నేలపట్టు కొంగల నడక ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అవి ఉన్న సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి పోయిందని చెప్తే ఒకాయనకి కోపమొచ్చింది, నేను ఇచ్చేసినట్టు. కొంగలు చలికాలంలో వస్తాయి, జిల్లా ఏదైనా అప్పుడు పోదాం అన్నా.

ఈరోజు నడకకి వచ్చిన ఇరవై ఆరు మందినీ, ఎట్లా తెలిసి వచ్చారని అడిగా. ఇన్‌స్టా అన్నవాళ్ళు ఎనిమిది మంది. వాట్సాప్ అన్నవాళ్ళు ఏడుగురు. మిగతా పదకొండు మంది మా షట్టరు పక్కన కాయితం చూసి వచ్చారు. ఆధార్ జిరాక్స్‌కి వచ్చినవాళ్ళు, పక్కింటివాళ్ళు, కాయితం చదివి ఇంట్లో చెప్పినవాళ్ళు. బావమరిది మొహం మాడ్చుకున్నాడు. తర్వాత వాడే తెలివిగా, కాయితం ముందర మేష్టారు కళ్ళజోడు ఎత్తి చదువుతున్న ఫోటో, ఆయన్ని అడిగి, స్టోన్‌హౌస్‌పేట ట్యాగుతో పెట్టాడు. మధ్యాహ్నానికి అదే ఆడింది.

జులై 27, ఆదివారం

అనుకున్న మూడు నెలలు అయ్యాయి. ఆపుదామా అంటే ఎవరూ ఒప్పుకోలేదు.

మేష్టారు రెండు ఫిర్యాదులు ఇచ్చాడు. అక్షరాలు చిన్నవి. ప్రశ్న కింద గడువు తేదీ లేదు. రెండూ రాసుకున్నా.

సాయంత్రం అంగడి మూస్తుంటే పక్క వీధి టైలరు వచ్చాడు. జీతం సంగతి మళ్ళీ తెస్తాడేమో అనుకున్నా. షట్టరు పక్కన కాయితం రెండుసార్లు చదివాడు.

"పిన్ను నువ్వు ఈడికి మార్చుకున్నప్పట్నుంచీ నా దగ్గర ఆగేవాళ్ళే లేరబ్బయా. మిషను ముందర ఒక్కడినే కూచుంటుండా. ఆ కాయితం నా గోడకి కూడా ఒకటి అంటించు."

రేపు పొద్దున్నే అంటించాలి. ఆయన గోడ పెద్దది, ఏ3లో తీస్తా.